బండి జాడలో బేబీ కారు

మొన్న మా తమ్ముడి అల్లుడు పాత కారు కొనాలని ముచ్చటపడి, నాలుగు కార్ల వివరాలు రాసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఏది ఎంతకు వస్తుంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, టైర్లు ఎన్నాళ్ళు ఆగుతాయి, అన్నీ గళ్ళు గీసి మరీ వేశాడు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. అయినా నాకు నవ్వొచ్చింది. అతను చిన్నబుచ్చుకున్నాడు. నిన్ను చూసి కాదు నాయనా, ఒకప్పటి నన్ను తలుచుకుని నవ్వాను అన్నా నమ్మలేదు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను. అతనే కాదు, కొత్తగా ఉద్యోగంలో చేరి, లోకంలో అన్నీ కాగితం మీద లెక్కకు వస్తాయనుకునే వాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు.

నేను పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేశాను. గొడ్ల కాంపౌండరంటే ఊళ్ళో పెద్ద మర్యాదేమీ ఉండదు. పెళ్ళిళ్ళలో పిలిచి కుర్చీ వేసేది మనుషుల కాంపౌండరుకే. బర్రె ఈనలేక అవస్థ పడుతున్నప్పుడు మాత్రం మాకూ కుర్చీ వేస్తారు, అదీ దొడ్లో. ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడిన కొత్తలో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి మార్చారు. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక రేకుల వసారా, గొడ్లను కట్టడానికి నాలుగు రాతి స్తంభాలు. ఎండాకాలం పొద్దు పోయాక కూడా వెనకున్న కొండ కక్కే వేడికి వసారాలో కూర్చోలేకపోయేవాళ్ళం. ఉండేది ముగ్గురం: డాక్టరు గారు, నేను, ఒక బంట్రోతు.

డాక్టరు గారికి అప్పటికి ముప్ఫై నిండలేదు. కృష్ణా డెల్టా మనిషి. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. వెనక ఎకరం నేల లేదు, నెల జీతమే ఆధారం. వచ్చిన కొత్తలో మా మాట ఆయనకు అర్థమయ్యేది కాదు. "గొడ్డు మేత ముట్టలా" అని రైతు చెబితే నా వంక చూసేవారు. ఆరు నెలలు తిరిగేసరికి ఆయనే రైతును పట్టుకుని "ఏంది, నెమరేస్తుండాదా లేదా" అని అడగడం మొదలుపెట్టారు. చేతివాసి మంచిది. ఆయన చెయ్యి పడితే పడుకున్న గొడ్డు లేస్తుందని పల్లెల్లో పేరొచ్చింది.

అలాంటి మనిషిని కుంటివాణ్ణి చేసింది నేను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఒక కోడెకు వెనక కాలి మీద గడ్డ లేచింది. దాన్ని కోయాలి. కోడెను స్తంభానికి కట్టి, వెనక కాళ్ళకు బందం వేయడం నా పని. వెయ్యిసార్లు వేసిన బందం. ఆ రోజు మాత్రం వసారాలో ఎవరితోనో సంత కబుర్లు చెబుతూ వేశాను. డాక్టరు గారు కత్తి ఆనించగానే ముడి జారింది. కోడె ఒక్క తాపు తన్నింది. ఆయన ఎడమ మోకాలి చిప్ప పగిలింది.

నెల్లూరులో రెండు నెలలు మంచం మీద ఉండి, చేతికర్రతో తిరిగి వచ్చారు. కాలు దుంగలా బిగుసుకుపోయింది, వంగదు. జరిగినదానికి రిపోర్టు పంపాలి కదా. అందులో "తాడు తెగినందువల్ల" అని ఆయనే రాశారు. తాడు తెగలేదని నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. భయం. నాకూ సంసారం ఉంది. ఆ కాగితాన్ని కవరులో పెట్టి, జిగురు రాసి, పోస్టులో వేసి వచ్చింది కూడా నేనే.

మా శాఖలో డాక్టరుకు ఆస్పత్రి సగం ఉద్యోగమే. నెలలో సగం రోజులు పల్లెలు తిరిగి టీకాలు వేయాలి. తిరగలేనివాడు పనికిరాడు. ఇంకో ఆరు నెలలు చూశాక జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: మూడు నెలల్లో టూర్లు మొదలుపెట్టాలి, లేదంటే మెడికల్ బోర్డుకు పంపుతాం. బోర్డుకు పంపడమంటే ఇంటికి పంపడమే. ఆయన సైకిలు తొక్కలేరు. బస్సు పోయే ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎద్దుల బండిలో రెండుసార్లు పోయి చూశారు. ఆ కుదుపులకు మోకాలు గుమ్మడికాయంత వాచి, వారం రోజులు మంచం దిగలేదు.

అప్పుడు కారు మాట ఎత్తింది నేనే. సొంత కారులో టూరు పోతే సర్కారు మైలుకు ఇంత అని ఇచ్చేది. బండి చవగ్గా దొరికి, పెట్రోలు తక్కువ తాగితే, ఆ వచ్చేదానితోనే అది నడిచిపోతుంది. డ్రైవరు జీతం దండగ కాబట్టి తోలడం నేను నేర్చుకుంటాను. కొనడానికి ఆయన ప్రావిడెంటు ఫండు నుంచి తీసుకున్నారు. అది ఒక్కసారికే సరిపోయే డబ్బు. తప్పు బండి కొంటే రెండోది కొనే దారి లేదు.

"నువ్వే చూడవయ్యా" అన్నారు డాక్టరు గారు. "నాకు గొడ్ల గురించే తెలుసు."

నాకు మాత్రం ఏం తెలుసు? కానీ పాపం చేసినవాడికి ఉత్సాహం ఎక్కువ. నాలుగు రోజులు కూర్చుని గాలన్లు, మైళ్ళు, టైర్లు, టాక్సు, అన్నీ లెక్క కట్టాను. మా అల్లుడు గీసినట్టే గళ్ళు కూడా గీశాను.

నాకు తోడు వచ్చినవాడు ఒక పశువుల బేరగాడు. అరవై ఏళ్ళ మనిషి. వింజమూరు సంతలో ఆయన చెయ్యి పడని బేరం లేదు. వారానికి రెండుసార్లు మా వసారాలో వచ్చి కూర్చునేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను మామా అనేవాణ్ణి. ఎక్కడికి పోయినా ఎద్దుల్ని అదిలించే ముల్లుగర్ర చేతిలో ఉండాల్సిందే. కారు కొనబోతున్నామంటే తనూ బయల్దేరాడు.

"కారు గురించి నీకేం తెలుసు మామా?" అన్నాను.

"కొనేది ఏదైనా ఒకటే అబ్బయా. కాళ్ళు చూడాల, కడుపు చూడాల. ఎవురు అమ్ముతుండాడో వాడి మొకం చూడాల."

ముందు సంగం పోయాం. అక్కడొక రైసుమిల్లులో పాత కారు ఉందని విన్నాం. ఉంది కానీ, అందులో కోళ్ళు కాపురం పెట్టాయి. మామ కిటికీలోంచి చెయ్యి పెట్టి, వెనక సీటు మీంచి రెండు గుడ్లు తీసి మిల్లు గుమాస్తా చేతిలో పెట్టాడు. "పాడి బాగానే ఉండాది. మనకి తోలేది కావాల" అన్నాడు.

రెండోది కలిగిరిలో ఒక పెద్ద రైతుది. పాతకాలపు అమెరికా బండి, ఎత్తు చక్రాలు, పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పేవాడు. ఇంజను గట్టిది. కానీ గాలనుకు పద్నాలుగు మైళ్ళే. మామ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద కూర్చుని, ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి ముల్లుగర్రతో కొలిచాడు. "కర్రన్నర. సరిగ్గా ఉండాది" అన్నాడు. దేనికి సరిగ్గా ఉందో నేను అడగలేదు. నా దృష్టంతా ఆ పద్నాలుగు మైళ్ళ మీదే. ఏనుగును కొనడం కాదు, మేపడం ఎట్లా అని నా బాధ. ఆ బండి వద్దన్నాను.

మూడోది ఆత్మకూరులో దొరికింది. హోల్‌సేల్ కిరాణా కొట్టు సెట్టి గారిది. కొడుకు ముచ్చటపడితే కొన్నాడట, కొడుకు మద్రాసులో కొట్టు పెట్టాక షెడ్డులో పడి ఉంది. బేబీ కారు. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. గాలనుకు ముప్ఫై ఎనిమిది మైళ్ళు. టైర్లు చిన్నవి, టాక్సు తక్కువ. గళ్ళలో ఏ గడి చూసినా అదే గెలిచింది. పైగా ముందు ఎడమ సీటు నాలుగు బోల్టులు విప్పితే ఊడి వచ్చేస్తుంది. ఆ సీటు తీసేస్తే వెనక కూర్చున్న డాక్టరు గారు కాలు బారుగా చాపుకోవచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మామ మళ్ళీ కర్ర పెట్టి కొలిచాడు. లేచి తల అడ్డంగా ఊపాడు.

"కర్ర మీద జానెడు కూడా లేదు. అబ్బయా, ఇది బండి జాడలో పట్టదు."

"కారుకి బండి జాడతో పనేంది మామా? ఇది పెట్రోలుతో పోయేది, ఎద్దులతో కాదు" అన్నాను. సెట్టి గారు నవ్వాడు. గుమాస్తాలు నవ్వారు. నేనూ నవ్వాను. మామ కర్ర చంకలో పెట్టుకున్నాడు.

బేరం మాత్రం ఆయనే చేశాడు. పశువుల సంతలో ధర నోటితో చెప్పరు. భుజం మీది తువాలు ఇద్దరి చేతుల మీదా కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. పక్కనున్న వాళ్ళకు అంతు చిక్కదు. మామ తువాలు తీసేసరికి సెట్టి గారు, "పెద్దాయనా, ఇది ఎద్దు కాదు" అన్నాడు. "చెయ్యి ఇయ్యి సెట్టీ, నాలుగు కాళ్ళుండాయి గదా" అన్నాడు మామ. తువాలు కింద ఏం జరిగిందో నాకు తెలియదు. నేను మనసులో అనుకున్నదానికంటే నూరు తక్కువకు తెగింది.

సెలవు పెట్టి వారం రోజులు ఆత్మకూరులోనే ఉండి, ఒక బస్సు డ్రైవరు దగ్గర తోలడం నేర్చుకున్నాను. ఎనిమిదో రోజు ఉదయగిరి దాకా పెద్ద రోడ్డు మీద నేనే తోలుకొచ్చాను. కంకర రోడ్డు మీద అది చక్కగా పరిగెత్తింది. ఆస్పత్రి ముందు ఆపి హారను కొట్టాను. డాక్టరు గారి భార్య, పిల్లలు బయటికి వచ్చారు. ఆయన వెనక ఎక్కి, కాలు బారుగా చాపుకుని, నా వంక చూసి, "బాగుందయ్యా. నా కాలికి విడిగా ఒక గది ఇచ్చావు" అన్నారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటి నిండా నిద్రపోయాను.

ఆ నిద్ర మూడు రోజులే. నాలుగో రోజు మొదటి టూరు. కొండ కింద ఒక పల్లె, పెద్ద రోడ్డు దిగి ఐదు మైళ్ళు లోపలికి పోవాలి.

ఇప్పటి వాళ్ళకు తారు రోడ్లే తెలుసు కాబట్టి కొంచెం చెప్పాలి. మా వైపు పల్లె దోవలు ఎవరూ వేసినవి కాదు, బండ్లు నడిచి పడినవి. కార్తీకమాసం వానల్లో ఇనప పట్టా చక్రాలు మెత్తటి మట్టిలో దిగబడి రెండు లోతైన జాడలు పడతాయి. ఎండలు వచ్చేసరికి అవి రాయిలా గట్టిపడతాయి. తాలూకాలో ప్రతి బండి ఇరుసూ ఒకటే కొలత, అందుకని ప్రతి బండీ ఆ జాడల్లోనే నడుస్తుంది. కలిగిరి అమెరికా బండి అయితే అందులో ఇట్టే పట్టేది. మా బేబీ కారు పట్టదు. ఎడమ చక్రం జాడలోకి దిగితే కుడి చక్రం నడిమి మిట్ట మీదికి ఎక్కింది. కారు పక్కకు ఒరిగింది. పక్క పొలంలోంచి పోదామంటే చిల్లకంప ముళ్ళు, రాళ్ళు. అర మైలు అట్లా ఒంటికాలి మీద కుంటుతూ పోయాక, మిట్ట మీది రాయి ఒకటి కింద పొట్టకు తగిలింది. ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టి పగిలి, ఆయిలంతా కారిపోయింది.

డాక్టరు గారు దిగి దోవ పక్క బండరాయి మీద కాలు చాపుకుని కూర్చున్నారు. బంట్రోతు ఎద్దుల కోసం పల్లెలోకి పోయాడు. నేను నల్లటి ఆయిలు మట్టిలోకి ఇంకిపోవడం చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు.

"సార్, తాడు తెగలేదు. నా ముడి జారింది" అన్నాను.

"తెలుసు" అన్నారు ఆయన.

"ఎప్పటి నుంచి తెలుసు సార్?"

"తన్నిన క్షణం నుంచి. నా ముక్కు ముందే కదా జారింది."

"మరి తాడు తెగిందని ఎందుకు రాశారు?"

"నీ ఉద్యోగం తీసేస్తే నా మోకాలు వంగుతుందా? ముడి చూసుకుని కత్తి పట్టమని మాకు కాలేజీలో చెప్పారు. నేనూ చూసుకోలేదు. సగం తప్పు నాది, సగం నీది. కాలు మాత్రం మొత్తం నాకే వచ్చింది, అదొక్కటే అన్యాయం" అని నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. క్షమించేవాడు తిట్టి క్షమిస్తే కొంత తేలిగ్గా ఉంటుంది. నవ్వి క్షమిస్తే ఆ బరువు మోయడం చాలా కష్టం. అప్పటికే ఆయన కాలు తీశాను, ఇప్పుడు ఉన్న డబ్బంతా పెట్టించి దోవలో పట్టని కారు కొనిపెట్టాను.

పల్లెలోంచి రెండు జతల ఎద్దులు వచ్చాయి. వాటి వెంట మామ కూడా వచ్చాడు, ఏదో బేరానికి అక్కడికే వచ్చి ఉన్నాడట. తాడు కట్టి కారును వెనక్కి లాగిస్తూ, "కర్రతో కొలిస్తే నగితివి గదరా" అన్నాడు. 

తొట్టి ఆత్మకూరులో అతికించారు. కారు మళ్ళీ నడిచింది, కానీ పెద్ద రోడ్డు మీదే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు కలిగిరి రైతు దగ్గరికి పోయి, ఈ కారు తీసుకుని ఆ కారు ఇస్తాడేమో అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంతలో మూడు నెలల గడువు దగ్గరపడింది. మా శాఖ జిల్లా అధికారి స్వయంగా వస్తున్నట్టు కాగితం వచ్చింది. గొంతువాపు టీకాల కాంపుకు డాక్టరు వెంట తనూ వస్తాడు, ఆయన టూరు చేయగలడో లేదో కళ్ళారా చూసి రాస్తాడు. కాంపు ఎక్కడంటే, మేం ముందుగా పంపిన ప్రోగ్రాములో ఉన్న ఊరు, ఆ కొండ కింది పల్లే.

 వింజమూరు సంతకు పోయి, గొడ్ల మధ్యన మామను వెతికి పట్టుకుని అంతా చెప్పాను.

"డాక్టరు గారి ఉద్యోగం నా చేత్తోనే తీస్తుండాను మామా" అన్నాను.

ఆయన ఒక ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తున్నాడు. చూపు తిప్పకుండానే, "ఏ దినం?" అన్నాడు. చెప్పాను. "సరే, పో. పొలిమేర కాడ ఎద్దుల్ని పెట్టిస్తాలే, ఇరుక్కుంటే లాగేదానికి" అన్నాడు. సాయం దొరికింది కానీ, పై అధికారి కళ్ళ ముందు ఎద్దులతో లాగించుకునే కారును చూసి ఆయన ఏం రాస్తాడో నాకు తెలుసు.

దానికి తోడు వారం ముందు పెద్ద వాన కొట్టింది. దరిద్రుడి పెళ్ళికి వడగళ్ళ వాన అంటారే, అట్లా అయింది నా పని. జాడలు ఇంకా లోతుగా దిగబడి ఉంటాయి అనుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. జిల్లా అధికారి భారీ మనిషి, రిటైరుకు దగ్గరపడ్డవాడు, మాట కటువు. మా కారును పైనుంచి కిందికి చూసి, "ఇందులో మనుషులు కూడా పడతారా?" అన్నారు. వెనక సీటులో డాక్టరు గారి పక్కన ఎట్లాగో ఇరుక్కున్నారు. టీకా మందుల పెట్టెతో బంట్రోతు తెల్లవారకముందే బండిలో పోయాడు. పెద్ద రోడ్డు మీద ఉన్నంతసేపూ నేను బాగానే తోలాను. పల్లె దోవ మలుపు దగ్గరికి వచ్చేసరికి కారును నడక వేగానికి తగ్గించాను.

మలుపు తిప్పి ఆగిపోయాను. జాడలు లేవు. నడిమి మిట్ట లేదు. ముందంతా ఎర్రటి నేల, అరచెయ్యిలా చదునుగా ఉంది.

"సార్, దోవ తప్పినట్టున్నాను" అన్నాను.

డాక్టరు గారు ముందుకు వంగి చూశారు.  "తప్పలేదు. పోనీ" అన్నారు. 

పోనిచ్చాను. కారు ఊయల ఊగినట్టు కూడా ఊగలేదు. రెండు మైళ్ళు పోయాక జిల్లా అధికారి "ఆపు" అన్నారు. దిగి, చేతికర్రతో నేలను పొడిచి చూశారు. వంగి చూశారు. దోవ పొడవునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, లెక్కలేనన్ని చిన్న చిన్న గిట్టల గుర్తులు.

"గొర్రెలు" అన్నారు. మళ్ళీ ఎక్కి కూర్చున్నారు. 

పొలిమేరలో మామ, నలుగురైదుగురు రైతులు, కొందరు గొర్రెల కాపర్లు నిలబడి ఉన్నారు. నాగళ్ళు, గుంటకలు ఒక పక్కన పడేసి ఉన్నాయి. జిల్లా అధికారి దిగి నేరుగా వాళ్ళ దగ్గరికే నడిచారు.

"ఈ దోవ ఎవరు చేశారు?"

"మేమే సామీ" అన్నాడు మామ. "మిట్టని నాగలితో చీల్చినాము. గుంటక తోలి జాడలు పూడ్చినాము. మన్ను వదులుగా ఉంటే కారు దిగబడుద్దని, మూడు మందల గొర్రెల్ని రెండు దినాలు అటూ ఇటూ తోలి అణిచినాము. వాన కూడా కలిసొచ్చింది."

"ఎవరు చెయ్యమన్నారు? పంచాయతీ వాళ్ళా?"

"పంచాయతీ చెప్తే చేస్తామా సామీ."

వెనక నిలబడ్డ ఒక గొర్రెల కాపరి భార్య ముందుకు వచ్చింది. నలభై ఏళ్ళు ఉంటాయి, చంకలో ఒక గొర్రెపిల్ల. "మా డాక్టరు కాలు బండిలో పట్టదు. ఆయన కారు జాడలో పట్టదు. రెండూ పట్టేటట్టు దోవ సరిచేసుకున్నాము. దాంట్లో ఏముండాది" అంది. "పోయినేడు గొంతువాపు వచ్చి పక్కూళ్ళో పొద్దున లేచిన గొడ్లు సందేళకి పోయినాయి. ఈయన టీకాలేసి పోయిన మా ఊళ్ళో ఒక్కటి పోలా. ఈయన్ని పంపించేస్తే కొత్తాయన వచ్చిందాకా జబ్బు ఆగుద్దా సామీ?"

 జిల్లా అధికారి నా వైపు తిరిగారు.

"ఈ కారు ఎవరు ఎంచారు?"

"నేనే సార్."

"ఎందుకు ఇదే కొన్నారు?"

"చవకని సార్" అన్నాను. 

ఆయన వెనక్కి తిరిగి మేం వచ్చిన దోవను, ఐదు మైళ్ళనూ చూసినట్టు, చాలాసేపు చూశారు. "చవకే" అన్నారు. మామ ఫక్కున నవ్వాడు. నాకు మాత్రం ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

కాంపు మధ్యాహ్నం దాకా సాగింది. డాక్టరు గారు ఎత్తు పీట మీద కాలు పక్కకు చాపుకుని కూర్చుంటే, రైతులే గొడ్లను ఆయన చేతి దగ్గరికి తెచ్చారు. రెండు వందల పైచిలుకు గొడ్లు. ఒక్కసారి కూడా లేవలేదు, ఒక్కసారి కూడా నిదానించలేదు. జిల్లా అధికారి నీడలో కుర్చీ వేయించుకుని చూస్తూ కూర్చున్నారు. మధ్యలో ఒకసారి కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, తనూ ఒక పాతిక గొడ్లకు వేశారు. చాలా ఏళ్ళయింది సూది పట్టి అన్నారు.

అంతా అయ్యాక నోటు పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి, డాక్టరు గారి వైపు చూశారు. "టూరు చేస్తున్నారని రాశాను. బోర్డు అక్కర్లేదు. మోకాలికి ఆముదం రాయిస్తూ ఉండండి" అన్నారు. డాక్టరు గారు లేచి నిలబడబోయారు, కర్ర అందలేదు. జిల్లా అధికారే తీసి అందించారు. నేను మందుల పెట్టె సర్దే మిషతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఏడాది నుంచి గుండెల మీద కూర్చున్న బండ దిగిపోయినట్టయింది.

తర్వాత మామను అడిగాను, ముందే నాకు ఒక మాట చెప్పి ఉంటే నాకు అంత భయం తప్పేది కదా అని. "చెప్తే నువ్వు లెక్క ఏస్తావు" అన్నాడు. "ఎన్ని నాగళ్ళు, ఎన్ని గొర్రెలు, ఎన్ని దినాలు, కుదరదు అంటావు. అందుకనే చెప్పలా." దోవకి తగ్గ కారు కొనాలి గానీ కారుకి తగ్గ దోవ వేయించుకునే వెధవను నిన్నే చూస్తుండాను అని కూడా అన్నాడు. పడ్డాను. పడాల్సిన మాటే.

డాక్టరు గారు మా తాలూకాలో ఇంకో నాలుగేళ్ళు చేశారు. ప్రతి ఏడూ వానలు వెనకపట్టగానే, ఏ పల్లెకు కాంపు ఉంటే ఆ పల్లెవాళ్ళే దోవ చదును చేసేవారు. బదిలీ అయినప్పుడు కారును ఆత్మకూరులో ఒక బడిపంతులికి అమ్మాం. ఆయనకు బజారు, బడి, ఇల్లు తప్ప వేరే దోవ లేదు. కొనేముందు ఆయన్ని నేను ఒకటే అడిగాను, మీరు ఎక్కడెక్కడికి పోతారు అని. పెట్రోలు సంగతి ఆయన అడిగేదాకా నేను ఎత్తలేదు. మా అల్లుడితో కూడా అదే చెప్పాను, కాగితం పక్కన పెట్టి, ముందు నువ్వు పోయే దోవలో ఒకసారి నడిచి రమ్మని. చాదస్తం అనుకుని ఉంటాడు.

కాంపు అయిన ఆ రోజు సాయంత్రం జిల్లా అధికారిని బస్సు ఎక్కించి, డాక్టరు గారిని ఇంటి దగ్గర దింపాను. పిల్లలు నాన్న చేతికర్ర లాక్కుని లోపలికి పరిగెత్తారు. నేను ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చున్నాను. మా ఆవిడ వడ్డించింది. తిన్నాను. మళ్ళీ పెట్టమన్నాను. మూడోసారి కూడా కంచం ముందుకు జరిపేసరికి ఆమె గరిటె పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"ఏంది, ఏడాదిగా కెలికి లేచిపోతుంటివి. ఈ పూటేంది ఇంత ఆకలి?"

"డాక్టరు గారికి ఉద్యోగం ఉండాది" అన్నాను.